మంత్రిగారి మధ్యరకం మోటార్‌సైకిల్

ముందుగా ఒక మనవి. నేను అక్షరాలు దిద్దుకున్నది మా ఆయన పోయాక, తల నెరిశాక. ఒత్తులు తప్పితే మన్నించండి. ఒక్కో మాట కూడబలుక్కుని రాస్తాను కాబట్టి నా రాత నెమ్మది. గొప్పవాళ్ళ గురించి రాసేటప్పుడు తొందర పనికిరాదు కూడా.

కొత్తగా నేర్చుకునేవాళ్ళకూ, చేయి తిరిగినవాళ్ళకూ ఒకేలా ఉపయోగపడే మధ్యరకం రోడ్‌స్టర్ మోటార్‌సైకిల్‌ను, అదీ మెరుగుపరిచిన నమూనాను, జాతికి అంకితం చేస్తున్నట్టు రవాణా సహాయమంత్రి బలిదావాగారు రేడియోలో ప్రకటించారు. కిందటేడు కూడా ఒకటి అంకితం చేశారు. అది ఎరుపు. ఇది నీలం. మెరుగు అంటే అదీ.

బండి ఒక్కటే. దేశంలో బోడాలు, అంటే కిరాయి మోటార్‌సైకిళ్ళు, తోలి బతికేవాళ్ళు చెట్టు మీది మిడతలంత మంది. అందుకని మంత్రిగారు ఆ ఒక్క బండినే ఊరూరా తీసుకెళ్ళి, ప్రతి ఊళ్ళోనూ అంకితం చేయాలని సంకల్పించారు. ఎవరికీ తక్కువ చేసే మనిషి కారాయన.

మొదటి సభ మా కిసోజోలో, ఆసుపత్రి గేటు పక్కన బోడాలు బేరాల కోసం వరసగా నిలబడే స్టేజి దగ్గర. ఆ స్టేజి చైర్మన్ కిరుండా. మీసం రాకముందు నుంచీ కిరాయికి బండి తోలుతున్నాడు. ఇప్పుడా మీసం నెరిసింది. టౌన్ కౌన్సిల్ వారు స్టేజిని అక్కణ్ణించి ఎత్తేసి ఊరవతల చిత్తడి నేల పక్కకు పొమ్మన్నారు. అక్కడ కప్పలు తప్ప ఎక్కేవాళ్ళుండరు. స్టేజి కదిలితే దాన్ని నమ్ముకున్న ఇళ్ళన్నిటిలో పొయ్యి ఆరిపోతుంది. కిరుండా వెళ్ళి మంత్రిగారి కార్యదర్శి ముకోసేని బతిమాలాడు. మంత్రిగారి సభలకు మచ్చ రాకుండా చూస్తే స్టేజి అంగుళం కూడా కదలదని ముకోసే మాటిచ్చాడు.

"మచ్చంటే ఏంటయ్యా?" అని అడిగాడు కిరుండా.

"ఉన్నది ఉన్నట్టు కనపడటం," అన్నాడు ముకోసే.

అనుకున్న రోజున షామియానా, కుర్చీలు, నీలం బండి ఒకే లారీలో దిగాయి. బండి నిజంగానే అద్దంలా ఉంది. దానికి మూడు రకాల నడకలున్నాయని ముకోసే మైకులో వివరించాడు. వానకొకటి, మంచి రోడ్డుకొకటి, పందేనికొకటి. మా ఊళ్ళో వాన ఉంది. మిగతా రెండూ రావలసి ఉంది.

స్టేజిలో కిరుండా తర్వాత పెద్దవాడు ఇగూలా. అతను బండి చుట్టూ తిరిగి వచ్చి, అరచేయంత ఉన్న వెనక సీటు చూపించి, బస్తాతో వచ్చే ఆడమనిషి ఎక్కడ కూర్చుంటుందని అడిగాడు. ప్రజలు తమ కాళ్ళ మీద తాము నిలబడాలన్నదే ప్రభుత్వ విధానమని మంత్రిగారు సెలవిచ్చారు. అందరం చప్పట్లు కొట్టాం.

తర్వాత మంత్రిగారు బండెక్కారు. అది తాళంచెవితో కదిలేది కాదు, ఫోన్‌తో కదిలేది. ఆ ఫోన్‌కు కిసోజోలో సిగ్నల్ అందదు. మంత్రిగారు దిగాలా వద్దా అని తేల్చుకునేలోపే కిరుండా తన వాళ్ళకు సైగ చేశాడు. నలుగురు వెనక నుంచి తోశారు. మిగతావాళ్ళు చుట్టూ తమ బోడాలు స్టార్ట్ చేసి హోరెత్తించారు. మంత్రిగారు గేటు నుంచి మందుల కొట్టు దాకా గంభీరంగా సాగిపోయారు. దిగాక, ఇంజను ఎంత మెత్తగా ఉందంటే తనకే వినపడలేదని చెప్పారు. ఈసారి ఆయన అబద్ధమాడలేదు.

మధ్యాహ్నం బుగాటోలో రెండో సభ. కుర్చీలు ముందు చేరాలి కదా, లారీ వెళ్ళిపోయింది. కుర్చీల తర్వాత బండి సంగతి గుర్తొచ్చింది. ముకోసే కిరుండా వంక చూశాడు. కిరుండా తన బోడా వంక చూసుకున్నాడు. అది మంచాలు మోసింది, శవపేటికలు మోసింది, ఒకసారి దూడనీ దాని యజమానినీ కలిపి మోసింది. బండిని బండి మోయడం దానికి పెద్ద వింతేం కాదు. పాత ట్యూబు కోసిన పట్టీలతో జాతికి అంకితమైన నీలం బండిని దాని వెనక సీటు మీద అడ్డంగా కట్టారు.

చెరకు లారీలు దున్నిపారేసిన ఎర్రమట్టి దారిలో, వానలో, కిరుండా ఒక్కడే బయల్దేరాడు. దారిలో చెరకు నరికేవాళ్ళు బండి చెడిపోయిందా అని కేకేశారు. లేదు, అలసిపోకుండా తీసుకెళ్తున్నానని చెప్పాడు. మచ్చ రానివ్వలేదు.

బుగాటోలో మంత్రిగారు అప్పటికే మైకందుకున్నారు. ఎంత బరువైనా లాగే బండి, ఎంత పాడు దారైనా వెనకాడని బండి, ఇదిగో వస్తోందని చెబుతున్నారు. సరిగ్గా అప్పుడే కిరుండా మలుపు తిరిగాడు. జనం లేచి నిలబడ్డారు. ఆ ఊరి స్టేజి చైర్మన్ మెన్యా పరుగెత్తుకొచ్చి, వంగి కింది బండి స్ప్రింగులు తట్టి చూశాడు.

"ఇదయ్యా బండంటే," అన్నాడు. "మరి పైదేంటి?"

"అది సామాను," అన్నాడు ఎవరో గుంపులోంచి. "ఎంత మోస్తుందో చూపించడానికి."

చప్పట్లు ఎటు పడుతున్నాయో పట్టుకోవడంలో మంత్రిగారిని మించినవాళ్ళు లేరు. క్షణం ఆలోచించకుండా వేదిక దిగి వచ్చి, ముకోసే చేత బురద తుడిపించి, కిరుండా బండికి రిబ్బను కట్టించారు. బుగాటో స్టేజికి ప్రభుత్వ కానుక అన్నారు. మెన్యా కళ్ళు చెమర్చాయి.

కిరుండా ముకోసే చెవి దగ్గరికి వెళ్ళి, అది తన బండని చెప్పాడు.

"తెలుసు," అన్నాడు ముకోసే, నవ్వు చెరగకుండా. "స్టేజి కావాలా, బండి కావాలా? రెండూ ఇవ్వగలిగితే మంత్రిగారు ఈపాటికి దేశాధ్యక్షులయ్యేవారు."

పోనీ ఆ నీలం బండి తనకిస్తారా అని అడిగితే, దానికి రేపు ఇంకో ఊళ్ళో సభ ఉందన్నాడు.

ఇంతలో మంత్రిగారు మైకు కిరుండా చేతికే ఇచ్చి, ఈ బండిని స్వయంగా తోలిన అనుభవజ్ఞుడు ఒక్క మాట చెబుతారన్నారు. కిరుండా మైకు నోటి దగ్గర పెట్టుకున్నాడు. ఆసుపత్రి గేటు, అక్కడ బళ్ళ మీద కూర్చుని ఎదురుచూసే తనవాళ్ళు కళ్ళముందు మెదిలారు.

"మంచి బండి," అన్నాడు. "రెండో గేరు కాస్త మొండికేస్తుంది. నెమ్మదిగా వేసుకోండి."

లోపాలు కూడా దాచకుండా చెప్పే ప్రభుత్వం ఇంకెక్కడైనా ఉందా అని మంత్రిగారు అడిగారు. ఎవరూ ఉందనలేదు. ఆయన అక్కడికక్కడే టౌన్ కౌన్సిల్‌కు ఫోన్ చేసి, కిసోజో స్టేజిని ముట్టుకోవద్దని ఆజ్ఞాపించారు. బుగాటోలో సిగ్నల్ బ్రహ్మాండంగా ఉంది.

సభ ముగిసింది. వాన తెరిపిచ్చింది. కిరుండా రోడ్డు పక్కన నిలబడ్డాడు. మెన్యా బండి తెచ్చి ముందు ఆపాడు.

"ఎక్కు పెద్దాయనా. నువ్వే మొదటి బేరం. ఊరికే తీసుకెళ్తే కొత్త బండికి కీడు, నీకు తెలియంది కాదు."

తెలుసు. కిరుండా జేబు తడుముకుని ఎక్కాడు. ఇన్నేళ్ళలో ఆ వెనక సీటు మీద కూర్చోవడం ఇదే మొదలు. మెత్తగానే ఉంది. దారి పొడుగునా మెన్యా మంత్రిగారిని పొగుడుతూ తోలాడు. రెండో గేరు మాత్రం నెమ్మదిగా వేశాడు.

పొద్దు వాలేసరికి ఆసుపత్రి గేటు చేరారు. కబురు ముందే అందింది. ఇగూలా, మిగతావాళ్ళు ఎదురొచ్చి కిరుండాను ఎత్తినంత పని చేశారు. ఆ బండిని గుర్తుపట్టాక ఒక్కొక్కరే చేతులు దించేశారు.

అప్పుడే ఒక బాలింత పసిబిడ్డతో గేటు దాటి వచ్చి, అలవాటుకొద్దీ తిన్నగా ఆ బండి దగ్గరికే నడిచింది. మెన్యా సంతోషంగా ఆమెకు సీటు తుడిచాడు. ఏ స్టేజిలోనైనా బయటి స్టేజి బండి మనిషిని దించడమే కానీ ఎక్కించుకోకూడదు. అందరూ చైర్మన్ వంక చూశారు.

కిరుండా ఆమె చేతిసంచి అందుకున్నాడు.

"అది మన స్టేజి బండి కాదమ్మా," అన్నాడు. "వరసలో ముందున్నది ఇగూలా. అటెళ్ళు."

తర్వాత మెన్యా వైపు తిరిగాడు.

"దించావుగా. ఇక్కడ బయటి బళ్ళు నిలబడకూడదు. కదులు."

నైగాగా ఎసెజా,
వయసు అరవై తొమ్మిది,
ఇప్పుడు ఉంటున్నది కిసోజో ఆసుపత్రి వెనక వీధిలో.