దేశానికి దారి చూపిన నీళ్ల స్టాండు

"చేతులు కడుక్కోవడంలో మన మండలం దేశానికే దారి చూపబోతోంది!" అని ఎం.ఈ.ఓ. ఉపేంద్ర గారు హైస్కూలు వరండాలో నిలబడి ప్రకటించారు. పక్కనే షబీనా టీచరు తడిసిన చున్నీ పిండుకుంటోంది. దేశం సంగతి ఆమె అంతవరకు ఆలోచించలేదు.

ఆళ్లగడ్డకు దగ్గర్లోని ఆ పల్లె బడికి కుళాయి ఒక్కటే. అన్నం గంట కొట్టగానే బడంతా దాని ముందు లైను కడుతుంది. వెనకున్నవాళ్లు ఆకలికి ఆగలేక చేతులు బట్టలకు తుడుచుకుని కంచాల ముందు కూర్చుంటారు. తర్వాత కడుపు పట్టుకుని ఇంటికి పోతారు. అందుకే షబీనా ఎనిమిదో తరగతికి ఈ ప్రాజెక్టు ఇచ్చింది. వెదురు బొంగుల స్టాండు, దానికి వేలాడే నూనె క్యాను, క్యానుకు కట్టిన తాడు, తాడు చివర కాలికింద ఒక కట్టె. కట్టె తొక్కితే క్యాను వంగి నీళ్లు పడాలి.

పిల్లలు బోర్డు మీద బొమ్మ గీశారు. ఆరో తరగతిలో అందరికంటే పొట్టిపిల్లను తెచ్చి నిలబెట్టి ఎత్తు చూసుకున్నారు. మొదటిసారి తొక్కితే క్యాను పూర్తిగా బోర్లా తిరిగి టీచరును, తొక్కిన ఎనిమిదో తరగతి సబాను కలిపి తడిపింది.

"మూతలోంచి వద్దు మేడం. మూత బిగించి, పక్కన సన్న చిల్లు పెడదాం," అంది సబా, జడ పిండుకుంటూ.

మేకు కాల్చి చిల్లు పెట్టారు. సన్నటి ధార పడింది. పిల్లలు ఈలలు వేశారు. సరిగ్గా ఆ సమయానికి ఉపేంద్ర గారు తనిఖీకి వచ్చారు.

"ఇది చిన్న పని కాదు టీచర్. పెద్దాయన చేతుల మీదుగా జరగాల," అన్నారాయన. పెద్దాయన అంటే నియోజకవర్గ నాయకులు జ్ఞానప్రకాశం గారు.

"రేపట్నుంచి పిల్లోళ్లు వాడుకుంటారు గదా సార్?"

"ప్రారంభం కాకుండా యాడ వాడతారమ్మా? ప్రోటోకాల్!"

స్టాండుకు రిబ్బను చుట్టారు. పిల్లలు కుళాయి లైనుకు తిరిగి వెళ్లారు.

ఉపేంద్ర గారు ముందుచూపున్న మనిషి. శంకుస్థాపన లేని ప్రారంభోత్సవాన్ని ప్రతిపక్షం ఊరికే వదలదని ఆయనకే తట్టింది. కాబట్టి స్టాండును పీకించి, శంకుస్థాపన జరిపించి, మళ్లీ పాతించారు. శిలాఫలకం స్టాండు కంటే ఎత్తు రావడంతో స్టాండు కనిపించలేదు. ఆ సమస్యనూ ఆయన క్షణంలో పరిష్కరించారు. స్టాండును ఇంకాస్త వెనక్కి జరిపించారు.

జ్ఞానప్రకాశం గారు వచ్చారు. డప్పులు మోగాయి. ఆయన కట్టెను చూసి ఆగిపోయారు.

"ఏందప్పా ఇది? కాలితో తొక్కాల్నా?"

"అవును సార్, తొక్కితేనే నీళ్లు," అంది షబీనా.

"రేపు పేపర్లో 'జ్ఞానప్రకాశం తొక్కినాడు' అని రాస్తే? ఇంతవరకు నేను ఎవర్నన్నా తొక్కినానా?"

సభ మొత్తం ఎంతో గౌరవంగా నేల చూసింది. వెంటనే కట్టెను, తాడును విప్పేశారు. ఉపేంద్ర గారు స్వయంగా స్టాండు వెనక గొంతుకూర్చుని క్యానును చేత్తో వంచడానికి సిద్ధమయ్యారు. ఒక అధికారి ప్రజాసేవలో ఇంతగా వంగడం ఆ పల్లె ఎన్నడూ చూడలేదు.

"సార్, తొక్కేది తీసేస్తే ఇంగ దాంట్లో ఏముంది?" అని సబా గట్టిగా అడిగింది.

"పాప బాగా మాట్లాడతాంది, ఫొటోలో నిలబెట్టప్పా," అన్నారు నాయకులు.

నీళ్లు పడ్డాయి. ఫొటో పడింది. ఆ సాయంత్రమే జీపొకటి వచ్చి స్టాండును ఎక్కించుకుంది. నంద్యాల ఎగ్జిబిషన్‌కు ఎంపికైందట.

షబీనా జీపుకు అడ్డంగా నిలబడింది. "సార్, పిల్లోళ్లు ఒక్కపూటన్నా వాడలేదు!"

"అందుకే గదమ్మా, ఎంత కొత్తగా ఉందో చూడు!" అన్నారు జీపులోంచి ఉపేంద్ర గారు.

"అయితే ఇంగోటి చేసుకుంటాం."

"అసలుది నంద్యాలలో ఉండంగా ఈడ ఇంగోటి పెడితే నకిలీ అంటారు టీచర్. నీకు మెమో వస్తాది."

జీపు వెళ్లిపోయింది. సబా ఏడవలేదు. ఈసారి చున్నీ తడిస్తే శిలాఫలకం మీద ఆరేసుకోవచ్చు మేడం, అంది. షబీనాకు నవ్వొచ్చింది, దాని వెంటే కళ్లల్లో నీళ్లూ వచ్చాయి.

స్టాండుకు మొదటి బహుమతి వచ్చింది. జిల్లాలోని ప్రతి బడి పిల్లలూ దాన్ని చూసి స్ఫూర్తి పొందాలని ఉత్తర్వు వెలువడింది. షబీనా తన క్లాసును బస్సెక్కించుకుని నంద్యాల వెళ్లింది. దారిపొడుగునా పిల్లలు కారం బొరుగులు తిన్నారు.

హాలు మధ్యలో లైట్ల కింద, చుట్టూ ఎర్రతాడుతో, స్టాండు మెరిసిపోతోంది. ముందు 'జ్ఞానప్రకాశం మోడల్' అని బోర్డు. సబా తాడు మీదుగా వంగి క్యాను మీద చెయ్యి వేయబోయింది.

"ఏయ్, దూరం! ముట్టుకోవద్దు పాపా," అని వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చాడు.

"మేం చేసిందే అన్నా ఇది!"

ఆయన సబా వేళ్లకంటిన కారం వైపు చూసి మొహం చిట్లించాడు.

"ఇట్లాంటి చేతుల్తో దీన్ని ముట్టుకుంటాండావా? ఫస్టు పోయి చేతులు కడుక్కోని రాపో."