మైకులో మోగిన వీణ

సీతారావమ్మ కాయ కోయించడానికి తెల్లవారకముందే ఆగిరిపల్లి తోటకు వెళ్ళింది. ఆమె తిరిగి వచ్చేలోగా మేడ మీది కంప్యూటర్‌ను సిద్ధం చేసేయాలని ఆమె భర్త, నూజివీడు మామిడి వ్యాపారి బసవపున్నారావు అనుకున్నాడు. ఆ రోజుతో ఆమెకు అరవై నిండుతాయి. కాలేజీ రోజుల్లో ఆమె పోటీలో వాయించిన వీణ ఒక బూజు పట్టిన క్యాసెట్‌లో దొరికితే, బెజవాడలో శుభ్రం చేయించి కంప్యూటర్‌లోకి ఎక్కించాడు. పెళ్ళయ్యాక ఆమె వీణ ముట్టలేదు. ఆమె వాయించగా ఆయన ఎన్నడూ వినలేదు.

అందుకే నాసి శబ్దంతో వినకూడదనుకున్నాడు. ఖరీదైన హెడ్‌ఫోన్స్, వాటికీ కంప్యూటర్‌కూ మధ్య తగిలించే చిన్న పెట్టె కొన్నాడు. వెనక గదిలో కిటికీలన్నీ మూసి, ఏసీ వేసి, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని పాట నొక్కాడు. తెర మీద గీత కదులుతోంది. శబ్దం లేదు. శబ్దం నాణ్యత పెంచే ఇరవై నాలుగు బిట్లు అన్నచోట నొక్కి చూశాడు. లేదు. వాల్యూమ్ చివరికంటా పెంచాడు. అప్పటికీ లేదు.

నిజానికి శబ్దం ఉంది, వీధిలో. కాయ రేట్లు చెప్పడానికి ఆ కంప్యూటర్ నుంచి ముందు షెడ్డు మీది మైకుకు ఎప్పుడో వైరు లాగారు. కొత్త పెట్టె సంగతి పట్టించుకోని కంప్యూటర్, వీణనంతా ఆ పాత దారినే పంపుతోంది.

ఏనాడూ రేట్లు తప్ప పలకని మైకు అంత దిగులుగా వీణ మోగించేసరికి ఎదురుగా అరటిపళ్ళ కొట్టు రామకృష్ణ గుండె జారింది. పెద్దవాళ్ళెవరో పోతే రేడియోలో వేసే వీణలా ఉంది. పరుగున మెట్లెక్కి తలుపు బాదాడు. తలుపు అదరడం చూసి బసవపున్నారావు పాట ఆపి, హెడ్‌ఫోన్స్ తీసి, గడియ తీశాడు.

"అన్నయ్యగారూ, వదినగారు..."

"తెల్లారకుండానే వెళ్ళిపోయిందయ్యా. ఇవాళ్టికి సరిగ్గా అరవై."

రామకృష్ణ గుమ్మం పట్టుకున్నాడు. "వెళ్ళేముందు ఏమన్నా చెప్పారా?"

"ఫ్రిజ్‌లో పులిహోర ఉంది, తినమంది." బసవపున్నారావు చూపు కంప్యూటర్ మీదే ఉంది. "పొద్దున్నించీ నాకేమీ వినపడటం లేదు రామకృష్ణా. ఒక్క ముక్క వినపడితే ఒట్టు."

"మొదట్లో అలాగే ఉంటుందండీ. మెల్లగా సర్దుకుంటుంది. మా నాన్నగారప్పుడు అన్నీ నేనే చూసుకున్నాను."

ఆ పెద్దాయన కూడా హెడ్‌ఫోన్స్ పెట్టేవాడా అని బసవపున్నారావు విస్తుపోయాడు. రామకృష్ణ దిగి వెళ్ళగానే తలుపు వేసి మళ్ళీ పాట నొక్కాడు. రామకృష్ణ మోసుకెళ్ళిన కబురుకు వీధి ఘొల్లుమంది.

కాసేపటికి రామకృష్ణ భార్య పుష్పావతి బంతిపూల దండతో వచ్చింది. పాట ఆగింది. పుట్టినరోజు వీళ్ళకెలా తెలిసిందా అని బసవపున్నారావు ముచ్చటపడ్డాడు.

"అక్కయ్యగారు ఎక్కడండీ?" అంది ఆమె వెక్కుతూ.

"తోటలో."

"అప్పుడే తోటకి చేర్చేశారా?"

"ఎండెక్కితే కష్టమని తనే తొందరపడిందమ్మా."

పుష్పావతి మెట్ల మీద కూలబడింది. ఆమెకు కళ్ళు తిరిగాయేమోనని ఆయన మజ్జిగ ఇచ్చి పంపాడు. ఇంత దుఃఖంలోనూ మర్యాద తప్పని మనిషని వీధంతా చెప్పుకుంది.

వీణ మళ్ళీ మొదలైంది. జనం దండలతో షెడ్డు ముందు నిలబడి ఉండగా ఆటో ఆగింది. మామిడికాయల బుట్టతో సీతారావమ్మ దిగింది. పుష్పావతి కెవ్వుమంది. రామకృష్ణ రెండడుగులు వెనక్కి వేసి అరటిగెల మీద పడ్డాడు.

సీతారావమ్మ ఎవరినీ చూడలేదు. తలెత్తి మైకు వైపు చూసింది.

"ఇది... నేను వాయించిందే కదూ!"

"అక్కయ్యా, మీరు..."

"ష్! విననివ్వండమ్మా."

తెచ్చిన దండలన్నీ చేతుల్లోనే ఉండిపోయాయి. అందరూ కదలకుండా చివరిదాకా విన్నారు. ఎవరో చప్పట్లు కొట్టారు. ఆమె కళ్ళు తుడుచుకుని మేడెక్కింది.

సంగతంతా తెలిశాక బసవపున్నారావుకు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తోచలేదు. శబ్దం ఎక్కడికి పంపాలని కంప్యూటర్ అడిగేచోట ఇంకా మైకు పేరే ఉంది. మార్చాడు. హెడ్‌ఫోన్స్‌లో వీణ పలికింది. తీగ మీద వేలు జారిన సవ్వడి కూడా తెలుస్తోంది.  ఆయన వాటిని తీసి భార్య చెవులకు పెట్టాడు.

ఆమె కళ్ళు మూసుకుని విన్నది. కాసేపటికి కనుబొమలు ముడిపడ్డాయి. హెడ్‌ఫోన్స్ తీసి ఆయన చేతిలో పెట్టింది.

"ఇందులో నా తప్పులన్నీ వినపడుతున్నాయండీ. ఆ మైకే పెట్టండి."