ఇన్‌స్పెక్షన్‌కి రాని ఆమ్లెట్

లాక్‌డౌన్‌ని తిట్టేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. కుటుంబమంతా ఒకే బల్ల చుట్టూ కూర్చుని పూటపూటా వేడివేడిగా తినే భాగ్యం ఇంతకుముందు ఏ తరానికి దక్కింది చెప్పండి? పూటలతో ఆగిందా? మధ్యలో చిరుతిళ్ళు, చిరుతిళ్ళ మధ్యలో టీలు! ఆఫీసు క్యాంటీన్లో చల్లారిన అన్నం నోట్లో కుక్కుకుని పరిగెత్తినవాళ్ళం, ఇప్పుడు ఉప్పెక్కువైందో తక్కువైందో తీరిగ్గా చర్చించుకుంటున్నాం.

నమ్మకం కుదరకపోతే మా పై ఫ్లాట్ ఇన్‌స్పెక్టర్ గారి సంసారం చూడండి. కంగారు పడకండి, లాఠీ ఉన్న ఇన్‌స్పెక్టర్ కాదు. బిస్కెట్ ఫ్యాక్టరీలో క్వాలిటీ చూసే ఇన్‌స్పెక్టర్. అంచు మాడినా, మధ్యలో పగిలినా ఆ ట్రేకి ఎర్ర స్టిక్కర్ అంటించి వెనక్కి పంపడం ఆయన ఉద్యోగం. ఫ్యాక్టరీకి తాళం పడిన రోజున ఆయన స్టిక్కర్ల చుట్టను బ్యాగులో వేసుకుని ఇంటికొచ్చారు.

కొన్నాళ్ళు నిద్రపోయారు. నిద్ర మీద కూడా విసుగు పుట్టాక వంటగది గుమ్మంలో కుర్చీ వేసుకున్నారు. అంతకుముందు మంచినీళ్ళకి తప్ప అటు తొంగి చూడని మనిషి! బంగాళాదుంప ముక్కలు ఒకే సైజులో లేవని కనిపెట్టారు. బ్రెడ్ ఒక పక్క ఎర్రగా, ఇంకో పక్క తెల్లగా కాలుతోందని కనిపెట్టారు. కనిపెట్టినప్పుడల్లా పళ్ళెం అంచుకి ఒక ఎర్ర స్టిక్కర్. పిల్లలు మాత్రం ఊరుకుంటారా? కొడుకు ఈ బ్యాచ్ వద్దు, ఇంకో బ్యాచ్ కావాలనడం నేర్చుకున్నాడు. కూతురు స్టిక్కర్లు తానే అంటిస్తానని పేచీ పెట్టేది.

మరి స్టిక్కర్ పడ్డవి పారేశారా? ఛీఛీ! అవన్నీ ఇల్లాలి ఖాతాలోకి వెళ్ళేవి. అందరూ తిని లేచాక, బల్ల తుడిచాక, సింకు పక్కన నిలబడి ఆవిడ వాటిని చల్లచల్లగా ముగించేది. వృథా అన్నదే లేని ఇలాంటి ఏర్పాటు ఆ బిస్కెట్ ఫ్యాక్టరీలో ఉందా అని అడుగుతున్నాను!

ఆవిడకి జరిగిన అసలు మేలు ఇంకోటుంది. ఇదివరకు అందరూ బయటికెళ్ళాక, పాపం, మధ్యాహ్నం పూట ఒక్కతే కిటికీ పక్కన కూర్చుని, తనకిష్టమైందేదో వేడిగా చేసుకుని తినేదట. పలకరించే దిక్కు లేదు, ఫలానాది కావాలని కేకేసే నాథుడు లేడు. ఎంత దిగులు! లాక్‌డౌన్ వచ్చి ఆవిడని ఆ ఒంటరితనంలోంచి ఒక్క దెబ్బతో బయటికి లాగింది.

ఈ మధ్య చెత్తబుట్ట కిందికి దించే పని ఆవిడే పట్టుబట్టి తీసుకుంది. రోజురోజుకీ ఆలస్యంగా పైకొస్తోంది. తడి చెత్త, పొడి చెత్త అంత శ్రద్ధగా వేరు చేస్తోందని ఇన్‌స్పెక్టర్ గారు మురిసిపోయారు.

ఒక మధ్యాహ్నం వేపుడులో ఉప్పు చాల్లేదు. ఉప్పు డబ్బా కనబడలేదు. అన్ని గదుల్లోనూ కేకలేశారు, పలుకు లేదు. ఇక తప్పక మాస్కు తగిలించుకుని ఆవిడని వెతుక్కుంటూ కిందికి దిగారు. పార్కింగ్‌లో వాళ్ళ కారు దుమ్ము కొట్టుకుని ఉంది. వెనక సీట్లో ఆవిడ, ఆవిడ పక్కన ఖాళీ చెత్తబుట్ట, ఒళ్ళో మూత తీసిన గిన్నె.

గిన్నెలో ఆమ్లెట్. ఇంకా పొగలు వస్తున్నాయి. అంచు మాడలేదు, మధ్యలో చిరగలేదు, అన్ని వైపులా ఒకే రంగు. తన సర్వీసులో అంత చక్కటి సరుకు ఇన్‌స్పెక్షన్‌కి ఎప్పుడూ రాలేదని ఆయనే నాతో ఒప్పుకున్నారు.

ఆయన్ని చూడగానే ఆవిడ చేతిలో ముక్క గిన్నెలో పడేసి, సగం లేచింది.

"ఏం కావాలి?" అంది.

అడగాల్సినవి చాలా ఉన్నాయి. నోటికి మాత్రం అలవాటైనదే వచ్చింది.

"ఉప్పు డబ్బా కనబడట్లేదు."

"స్టవ్ పక్కనే ఉంది. మన పెళ్ళైనప్పటి నుంచీ అక్కడే ఉంది." ఆవిడ మళ్ళీ కూర్చుంది. "నేను తినేసి వస్తాను," అని కారు అద్దం పైకెత్తేసింది.

ఇంట్లో అంత పెద్ద డైనింగ్ టేబుల్ పెట్టుకుని కారులో తినడమేమిటండీ అని ఆయన మెట్ల మీద, దూరం పాటిస్తూనే, నా దగ్గర వాపోయారు. నేనూ అయ్యో అన్నాను.

కాబట్టి పాఠకులారా, లాక్‌డౌన్ కుటుంబాన్ని ఒక్కచోటికి చేర్చిందన్న నా మాటలో మార్పు లేదు. కాకపోతే అలా చేరిన కుటుంబానికి ఒక కారు కూడా ఉండాలి. మాకు కారు లేదు. మరి మా ఆవిడ ఎక్కడ తింటోందో నేనెప్పుడూ చూడలేదు. ఇది రాయడం అవగానే అడుగుదామనుకుంటున్నాను. ముందు టీ రానివ్వండి, కేకేసి చాలాసేపైంది.