నిటారు జబ్బు

నీటి పన్నుల కార్యాలయంలో పెద్ద గుమాస్తాగారి నడుము ఒక సోమవారం ఉదయం విధి నిర్వహణలో ఉండగా పట్టేసింది. విధి అంటే అధికారిగారికి నమస్కారం పెట్టడం.

ఆ కార్యాలయంలో నమస్కారానికో పద్ధతి ఉంది. గది గుమ్మం దగ్గరే వంగి లోపలికి రావాలి, వంగే మాట్లాడాలి, వంగే వెనక్కి నడుచుకుంటూ పోవాలి. ఇది ఎక్కడా రాసి లేదు కాబట్టి ఎవరూ తప్పేవారు కాదు. గడప ఎక్కడుందో అక్కడి ఉద్యోగుల మడమలకు కంఠతా వచ్చు.

పెద్ద గుమాస్తాగారు వంగారు. లేవబోతే నడుము ఒప్పుకోలేదు. అధికారిగారు కాగితాలన్నీ చదివి తలెత్తి చూస్తే మనిషి ఇంకా వంగే ఉన్నారు.

"ఇక లేవండి" అన్నారు అధికారిగారు.

"లేవలేనండీ" అని ఉన్నమాట చెప్పారు గుమాస్తాగారు.

అధికారిగారి కళ్ళు చెమర్చాయి. ఇంతటి వినయం తమ సర్వీసులో చూడలేదన్నారు. ఎప్పటినుంచో ఖాళీగా ఉన్న సూపరింటెండెంటు కుర్చీ ఎవరిదో ఆ పూటే అందరికీ అర్థమైపోయింది.

కుర్చీ సంగతి బాగానే ఉంది గానీ, గుమాస్తాగారికి లోకమంతా మోకాళ్ళ కిందికి దిగిపోయింది. మనుషుల్ని చెప్పుల్ని బట్టి పోల్చుకోవడం నేర్చుకున్నారు. బావమరిది వచ్చి, బిగుసుకున్న కిటికీ తలుపుని సరిచేసినట్టు భుజాలు పట్టి వెనక్కి లాగాడు. ఆ కేకకు పక్కవీధి వాళ్ళు కూడా పరామర్శకు వచ్చారు.

"నా మొహం ఎలా ఉంటుందో గుర్తుందా అసలు?" అంది భార్య. ఆయన ఆవిడ కాళ్ళకేసి చూస్తూ గుర్తుందన్నారు. ఆవిడ నమ్మలేదు. మర్నాడే వ్యాయామాలతో నడుములు బాగుచేసే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళింది.

డాక్టరమ్మ వెన్నంతా తడిమి చూసింది. "ఎముకలు శుభ్రంగా ఉన్నాయి. ఏం పని చేస్తారు మీరు?"

"వంగుతానండీ."

"మిగతా టైములో?"

"మళ్ళీ ఎప్పుడు వంగాలో అని కూర్చుంటానండీ."

ఆవిడ ఆశ్చర్యపోలేదు. ఆ ఊళ్ళో సగం నడుములు ఆవిడ దగ్గరికే వస్తాయి. వెల్లకిలా పడుకుని మోకాళ్ళు మెల్లగా గుండెల దగ్గరికి తెచ్చుకోమంది. పాదాలు నేలకానించి తుంటి కొద్దిగా పైకెత్తమంది. నిలబడి, రెండు చేతులూ నడుము మీద పెట్టి, కాస్త వెనక్కి వాలమంది. "ఒళ్ళు ఒప్పుకున్నంతే చెయ్యండి. బలవంతం వద్దు" అంది. తన ఒంటిని ఒకరు ఇలా మర్యాదగా అడగడం గుమాస్తాగారికి పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు. ఆయనకు ఏడుపొచ్చినంత పనైంది.

రోజులు గడిచేకొద్దీ లోకం పైకి లేచింది. ముందు జనం మోకాళ్ళు కనిపించాయి, తర్వాత చొక్కా గుండీలు, ఒకనాటి ఉదయం భార్య మొహం. "పరవాలేదు, అలాగే ఉన్నావు" అన్నారాయన. ఆవిడ నవ్వబోయి పైటకొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

ఆ సంబరంలో ఆయన నిటారుగానే ఆఫీసుకు వెళ్ళిపోయారు. పెద్ద గుమాస్తా తమకంటే పొడవని అధికారిగారికి ఆ రోజే తెలిసింది.

"ఇంట్లో అంతా క్షేమమేనా?" అని అడిగారు అనుమానంగా.

"క్షేమమేనండీ."

"మరి నేనేమైనా తప్పుగా అన్నానా?"

మధ్యాహ్నానికల్లా గుమాస్తాగారికి ఎవరో మంత్రిగారి అండ దొరికిందని ఆఫీసులో ఒక వర్గం, పిచ్చెక్కిందని ఇంకో వర్గం తేల్చేశాయి. నడుము బాగుపడి ఉండవచ్చని మాత్రం ఒక్కరికీ తోచలేదు. సందు దొరికిన రెండో గుమాస్తా ఆ సాయంత్రం ఎంత వంగాడంటే, జేబులోని కలమూ కళ్ళజోడూ ఇంటి తాళంచెవీ వరసగా నేలమీద పడ్డాయి. వాటిని అతను ఏరుకోలేదు. భక్తి చెదురుతుందట.

మర్నాడు అధికారిగారు సిబ్బందిని సమావేశపరిచి ఉపన్యసించారు. "పండ్లున్న కొమ్మే వంగుతుంది. కరెంటు స్తంభం నిటారుగా ఉంటుంది, నిజమే. దాని మీద వాలేది కాకులు." అందరూ వంగి చప్పట్లు కొట్టారు.

"పోతే పోనీండి ఆ కుర్చీ. నడుము దక్కింది, చాలదూ?" అంది భార్య ఆ రాత్రి.

"నడుముకెవరు దణ్ణం పెడతారే?" అన్నారాయన.

ఆయన బాగా ఆలోచించి మధ్యేమార్గం కనిపెట్టారు. పొద్దున్నే ఇంట్లో వ్యాయామం, పగలంతా ఆఫీసులో వంగడం. వ్యాయామ మహిమ చూడండి, ఆయన ఇప్పుడు ఎవరికన్నా కిందికి వంగగలరు, నొప్పి అన్న మాటే లేదు. ఏ వ్యాయామమూ లేని రెండో గుమాస్తా ఆ పోటీకి తట్టుకోలేక వారం తిరక్కుండా మంచానపడ్డాడు. కుర్చీ పెద్ద గుమాస్తాగారికే వచ్చింది. "ఇందుకా మిమ్మల్ని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది?" అని భార్య అడిగిన ప్రశ్న ఇంకా పరిశీలనలో ఉంది.

సూపరింటెండెంటుగారు గదిలో నిటారుగా కూర్చున్నారు. కొత్తగా చేరిన గుమాస్తా అమ్మాయి లోపలికొచ్చి, తిన్నగా నిలబడి, "నమస్కారమండీ" అని కాగితాలు అందించింది. అంతే, ఆయన నడుములో కలుక్కుమంది.

డాక్టరమ్మ మళ్ళీ తడిమి చూసింది. "మీ నడుము ఉక్కులా ఉంది. నొప్పి ఎప్పుడొస్తోంది?"

"నా ముందు ఎవరైనా నిటారుగా నిలబడితే వస్తోందండీ."

"దానికి నా దగ్గర వ్యాయామం లేదు" అని ఆవిడ చేతులు కడుక్కుంది.

వైద్యం కుదరకపోయేసరికి సూపరింటెండెంటుగారు సొంతంగా ప్రయత్నించారు. అమ్మాయిని పిలిచి, ఎంతో దయగా, "ఏమ్మా, అలా కర్రలా నిలబడ్డావేం? ఒంట్లో బాగాలేదా?" అని అడిగారు. ఆ పిల్ల అయోమయంగా చూసింది. తల దించింది. తర్వాత భుజాలు, ఆఖరుకి నడుము. నొప్పి చేత్తో తీసేసినట్టు పోయింది.

ఈ వైద్యానికి ఖర్చు లేదు, శ్రమ లేదు. ఇది చదువుతున్న మీకు నడుం నొప్పి లేదంటే సంతోషమే, కానీ ఒకసారి తలెత్తి చూడండి, మీ ముందు ఎవరు వంగి ఉన్నారో.