నవాబు గారి మూతి పుండు

ఒమాన్‌లో ఇబ్రి ఊరి బయట ఉన్న గొర్రెల ఫారానికి నవాబు గారు విచ్చేసిన రోజును మేనేజరు నాగేంద్రప్రసాద్ పండుగగా ప్రకటించాడు. నవాబు గారంటే పొట్టేలు. ప్రదర్శనలో మొదటి బహుమతి కొట్టి, మెడలో రిబ్బనుతో బండి దిగారు.

కొత్తగా కొన్న జీవాన్ని కొన్నాళ్లు విడిగా ఉంచాలన్నది ఫారం నియమం. అందుకోసం షెడ్డుకు దూరంగా ఒక గది కట్టారు. ఆ గదికి గాలీ వెలుతురూ బాగా వస్తాయని తేలడంతో నాగేంద్రప్రసాద్ దాన్ని తన ఆఫీసు చేసుకున్నాడు. గొర్రెల కోసం కట్టిన గదిని గొర్రెల మేనేజరు వాడుకోవడంలో తప్పు పట్టేవాళ్లు గిట్టనివాళ్లే.

"ఇంత గొప్ప వంశంలో పుట్టినవారిని విడిగా పెట్టడమంటే అనుమానించడమే. అతిథిని అనుమానించే సంస్కృతి మనది కాదు" అని అతడు పనివాళ్లను వరసగా నిలబెట్టి ఉపన్యసించాడు. పొట్టేలు గడ్డం పట్టుకుని ఫొటో దిగుతుండగా దాని పెదవి మీద పక్కు కనబడింది. ప్రయాణపు బడలిక అని అక్కడికక్కడే తేల్చేశాడు.

వడగాడ్పుల రోజులు కావడంతో మందంతా షెడ్డులోనే ఉంది. దుమ్ము పడకుండా పరదాలు దించేశారు. కొత్త గొర్రెలు వచ్చిన కొద్దీ పాతవాటిని సర్దుకోమన్నారు. ఒళ్లూ ఒళ్లూ రాసుకుంటే ఆప్యాయత పెరుగుతుందని నాగేంద్రప్రసాద్ నమ్మకం. నవాబు గారు ప్రతి దొడ్డికీ దర్శనమిచ్చి, ఉమ్మడి తొట్టిలో మొదటి గుక్క తాగి, మిగిలింది మందకు ప్రసాదించారు.

వారం తిరక్కుండా గొర్రెపిల్లల మూతులు పొక్కాయి. అవి నోరు పెడితే తల్లుల పొదుగులు పుండ్లుపడ్డాయి. నొప్పికి తల్లులు తన్నడం, ఆకలికి పిల్లలు అరవడం. కాపరి అంకయ్య ఒక్కోదాన్నీ ఒళ్లో పెట్టుకుని సీసాతో పాలు పట్టేవాడు. అయినా కొన్ని దక్కలేదు. ఒక పిల్ల సరిగ్గా నాగేంద్రప్రసాద్ బూటు మీద తల వాల్చి ప్రాణం విడిచింది. అతను వంగి దాని తల నిమరబోయాడు. ఆ వెంటనే అర్బాబుకు, అంటే యజమానికి, ఏం చెప్పాలన్న ఆలోచన వచ్చి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

విచారణ సంఘం వేశాడు. అధ్యక్షుడు తనే. పడమటి గాలిని దోషిగా నిర్ధారించి, మేనేజరు ముందుచూపును అభినందించి సంఘం ముగిసింది. గొర్రెపిల్లలు మాత్రం ఆ తీర్మానాన్ని మన్నించలేదు.

చివరికి అల్ ఖౌద్ నుంచి పశువుల డాక్టరు సెలిన్ వచ్చింది. గుడివాడ మనిషి. మాటలో మొహమాటం లేదు.

"ఇది వైరసండీ. మీ పొట్టేలే మోసుకొచ్చింది. గాలాడని షెడ్డు, ఈ ఇరుకు, అన్నిటికీ ఒకటే తొట్టి. ఇంక అది పాకక ఏం చేస్తుంది? జబ్బు పడ్డవాటిని వేరే చోటికి మార్చండి. ముట్టుకునేవాళ్లు గ్లౌజులు వేసుకోండి, మన చేతులకీ అంటుకుంటుంది."

ఫొటోలో గడ్డం పట్టుకున్న చేతిని నాగేంద్రప్రసాద్ మెల్లగా జేబులో దాచుకున్నాడు. బొటనవేలు అప్పటికే పొక్కింది.

"విడి గది ఉండాలే, ఏదండీ?" అంది సెలిన్.

"అది ఆఫీసండీ."

"ఖాళీ చేసెయ్యండి మరి."

డాక్టరు వెళ్లాక అతడు ఆ గదిలోనే సోఫాలో కూర్చుని దీర్ఘంగా ఆలోచించాడు. పరిపాలన గౌరవం ముఖ్యం. గొర్రెల ప్రాణమూ ముఖ్యమే. రెండూ నిలిచే మార్గం దొరికింది. పనివాళ్ల రూముకు రెండు పెద్ద కిటికీలున్నాయి.

"మా సంగతేంటండీ సార్?" అన్నాడు అంకయ్య, చాప చంకన పెట్టుకుని. "ఇంతమందిమి ఆ దాణా కొట్లో ఎట్టా పడతామండీ? దానికి కిటికీ కూడా లేదు."

"సర్దుకోవాలి అంకయ్యా. ఇరుకు వల్ల ప్రమాదం గొర్రెలకని డాక్టరు గారు స్పష్టంగా చెప్పారు. మనుషుల ఊసే ఎత్తలేదు."

శాస్త్రం ఊరికే పోదు. పనివాళ్ల రూములో గొర్రెపిల్లలు కోలుకున్నాయి. పక్కులు రాలాయి, తల్లులు దగ్గరికి రానిచ్చాయి. అర్బాబు స్వయంగా వచ్చి మేనేజరు భుజం తట్టాడు. పేరు మస్కట్ దాకా పాకింది. ఒక శుక్రవారం అక్కడి దార్సైట్ పేట నుంచి మన తెలుగు కుటుంబాలు పిల్లాపాపలతో కార్లలో తరలివచ్చాయి. ప్రతి గొర్రెపిల్లకూ వేరే గిన్నె, పైన ఫ్యాను, కిటికీలో చల్లని గాలి చూసి అందరి మనసులూ ఉప్పొంగాయి. మూగజీవాలంటే ఇంత దయ ఉన్న మనిషి మనవాడు కావడం మన అదృష్టమని ఒకాయన మాట్లాడితే చప్పట్లు మోగాయి.

చప్పట్లు ఆగేసరికి దాణా కొట్టులో దగ్గులు వినిపించాయి. ఒకటి కాదు, మేళంలాగా.

"పనివాళ్లండీ" అన్నాడు నాగేంద్రప్రసాద్ నొచ్చుకుంటూ. "ఒకడికి జ్వరమొస్తే అందరికీ అంటుకుంది."

ఒకావిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. చేతిలో ఉన్న గొర్రెపిల్లను గుండెలకు హత్తుకుంది.

"అయ్యో పాపం! ముందు ఆ తలుపు మూయించండి సార్. వీటికేమైనా అంటుకుంటే?"

అంకయ్య మర్యాదస్తుడు. ఎవరూ లేచే పని లేకుండా, లోపలి నుంచి తనే తలుపు వేసుకున్నాడు.