హాంకాంగ్ దారిలో యెరూషలేము

ఆ సోమవారం పొద్దున జక్కయ్య వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. ఏసమ్మను వెంటబెట్టుకుని తొమ్మిదింటి బస్సుకు సికింద్రాబాదు వెళ్ళాలి. చక్రాలున్న సూట్‌కేసు ఒకటి కొనాలి. దాన్ని పాత దుప్పట్లో చుట్టి, కాలనీలో ఎవరి కంటా పడకుండా ఇంట్లోకి చేర్చాలి. దుప్పటి ఎందుకని ఏసమ్మ అడగలేదు. పెళ్ళయి ముప్పై మూడేళ్ళయింది. ఆయన ఏది దాస్తాడో, ఎందుకు దాస్తాడో ఆమెకు తెలుసు.

జక్కయ్య మేడ్చల్‌లో ఒక మందుల ఫ్యాక్టరీలో ముప్పై ఒక్క ఏళ్ళు బాయిలర్ నడిపి, ఆ ఏడు, అంటే రెండువేల ఆరు మార్చిలో రిటైరయ్యాడు. ఇరవై ఏళ్ళుగా ఊరి చర్చిలో సంఘపెద్ద. ఆయన గొంతు పెంచి మాట్లాడగా విన్నవాళ్ళు లేరు. ప్రెషర్ గేజీలో ముల్లు ఎర్రగీత దాటకుండా చూడడం ఆయన ఉద్యోగం. ఆ అలవాటు మనిషికే పట్టుకుంది. పెళ్ళిలో నవ్వితే పెదవుల దాకా, చావింట్లో ఏడిస్తే రెప్పల దాకా, అంతే.

అలాంటి మనిషికి ఒక కోరిక ఉండేది. రోలర్ కోస్టర్ ఎక్కాలి, ఎక్కి గొంతు చిరిగిపోయేలా అరవాలి.

అది ఈనాటిది కాదు. పదేళ్ళ కిందట సండే స్కూలు పిల్లలను ఒక ఆటల పార్కుకు తీసుకెళ్ళినప్పుడు ఆయన పొద్దంతా వాళ్ళ సంచులూ చెప్పులూ కాపలా కాస్తూ ఆ పట్టాల కింద నిలబడ్డాడు. పై నుంచి బండి దూసుకొచ్చినప్పుడల్లా అరుపులు వర్షంలా మీద పడేవి. మధ్యాహ్నం ఒక్కసారి, పిల్లలు తిండి దగ్గరున్నప్పుడు, మెల్లగా వెళ్ళి వరసలో నిలబడ్డాడు. ముందు నలుగురే ఉన్నారు. అప్పుడే ఎదురింటి అంజయ్య కనబడి, మీరు కూడా ఎక్కుతరా అన్నా అని అడిగాడు. తప్పిపోయిన పిల్లవాడిని వెతుకుతున్నానని చెప్పి జక్కయ్య వరసలోంచి బయటికొచ్చాడు. తప్పిపోయిన పిల్లవాడు ఎవరూ లేరు. అయినా అంజయ్య తృప్తి కోసం ఇద్దరూ కలిసి గంటసేపు వెతికారు.

షామీర్‌పేట దగ్గర కంపెనీలో పనిచేసే కొడుకు జోయెల్ తండ్రి రిటైరయ్యాక ఒక రంగుల కరపత్రం తెచ్చిచ్చాడు. హాంకాంగ్, మూడు రాత్రులు, నాలుగు పగళ్ళు, థీమ్ పార్కుతో సహా. అందులో కొండ పక్కన గాల్లో వంకర తిరిగిన పట్టాలు, వాటి మీద బండి, ముందు వరసలో ఒక పెద్దమనిషి. నెరిసిన జుట్టు, జక్కయ్య ఈడే. రెండు చేతులూ పైకెత్తి నోరు ఇంత తెరిచాడు. జక్కయ్య ఆ నోటినే చాలాసేపు చూశాడు. తర్వాత కరపత్రాన్ని మడిచి కీర్తనల పుస్తకంలో పెట్టుకున్నాడు. ఆదివారం పూట పేజీ తిప్పుతూ అక్కడికి రాగానే ఆయన వేలు కాసేపు ఆగేది.

"ఆడ మనల్ని గుర్తుపట్టేటోళ్ళు ఎవ్వరుండరు గదా?" అని కొడుకును అడిగాడు.

తండ్రి భయపడుతున్నాడనుకున్నాడు జోయెల్. "గైడు ఉంటడు నాయినా, నేనూ వస్తున్న. పరేషాన్ గాకు," అన్నాడు.

సరే, సూట్‌కేసు కోసం వీళ్ళు సికింద్రాబాదు వెళ్ళిన ఆ సోమవారమే పాస్‌పోర్టు విచారణకు కానిస్టేబుల్ ఇంటికి వచ్చాడు. తాళం చూసి ఎదురుగా కిరాణా కొట్లో ఉన్న అంజయ్యను అడిగాడు, మనిషి ఎలాంటివాడని. బంగారమని చెప్పాడు అంజయ్య. రాసుకోవలసింది రాసుకుని, చాయ్ తాగుతూ మాటవరసకు, ఏ దేశం పోతున్నాడని అడిగాడు కానిస్టేబుల్. అంజయ్యకు తెలియదు. ఇరవై రెండేళ్ళు ఎదురింట్లో ఉండి ఆ సంగతి తెలియదని చెప్పడం ఆయనకు నామర్దా అనిపించింది.

"జక్కయ్యన్న అసొంటోడు ఇంకేడికి పోతడు సారు," అన్నాడు. "యెరూషలేముకే పోతడు."

అన్నాక ఆయనకే అది నిజమనిపించింది. సాయంత్రం కొట్టు కట్టేసి పాస్టరుగారి ఇంటికి వెళ్ళి ఆ సంతోషవార్త చెప్పాడు. మధ్యాహ్నం కొట్లోంచి తను చూసిన, దుప్పట్లో చుట్టిన సూట్‌కేసు గురించి కూడా చెప్పాడు. ఆ దాపరికం ఎంత వినయమో చూడండి అన్నారు పాస్టరుగారు.

ఆదివారం ప్రసంగం ముగిసే ముందు పాస్టరుగారు వేదిక మీద నుంచే ప్రకటించారు, మన సంఘపెద్ద యేసుప్రభువు నడిచిన నేలను చూడబోతున్నారని. ముందు బల్ల మీద కూర్చున్న జక్కయ్యకు కాసేపు అది ఎవరి గురించో అర్థం కాలేదు. అర్థమయ్యాక దిగ్గున లేచి నిలబడ్డాడు. ఎవరూ పిలవకుండా ఆయన లేవడం అదే మొదటిసారి కాబట్టి అందరి తలలూ ఆయనవైపు తిరిగాయి. చెప్పేద్దామని నోరు తెరిచేసరికి కంగారుకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ నీళ్ళు చూసి హార్మోనియం ముందున్నతను పాట ఎత్తుకున్నాడు. నాలుగు చరణాలు. పాట అయిపోయేసరికి జక్కయ్య చెయ్యి నలభై మంది చేతుల్లో నలిగింది.

సాయంత్రం మార్తమ్మ అవ్వ వచ్చింది. ఎనభై ఏళ్ళుంటాయి. కొంగుముడి విప్పి ఒక దగ్గుమందు సీసా తీసింది. వేడినీళ్ళతో కడిగి, మూతికి దూది పెట్టి తెచ్చింది.

"యేసయ్య మునిగిన యొర్దాను నది నీళ్ళు గింతన్ని తే బిడ్డా. నేను పోయేటప్పుడు నోట్ల పొయ్యమని నా కోడలికి చెప్పిన."

జక్కయ్య చెప్పాలనుకున్న మాట నాలుక చివర దాకా వచ్చింది. ఆ దూది చూశాక వెనక్కి వెళ్ళిపోయింది. సీసా తీసుకుని కిటికీలో పెట్టాడు.

గురువారానికి కిటికీలో పదకొండు సీసాలయ్యాయి. ప్రార్థన చీటీలు దిండు గలీబులో సగం దాకా నిండాయి. ఒకరికి సంతానం కావాలి, ఒకరికి తాగుడు మానే మొగుడు కావాలి, ఒక పదో తరగతి పిల్లకు లెక్కలు కావాలి. గౌడవెల్లి నుంచి ఇద్దరు అన్నదమ్ములు వచ్చి, తాతల నాటి గట్టు తగాదా తీర్చమన్నారు. పుణ్యభూమికి పోయేవాడు పక్షపాతం చూపడని వాళ్ళ నమ్మకం. తనకు పొలాల సంగతి తెలియదని జక్కయ్య చెప్పినకొద్దీ వాళ్ళ నమ్మకం పెరిగింది. చివరికి ఆయన కాగితం మీద ఒక గీత గీస్తే ఇద్దరూ దానికి దండం పెట్టి, ఒకే బండి మీద వెళ్ళిపోయారు.

జోయెల్ కూడా ఇరుక్కున్నాడు. సెలవు ఇవ్వాల్సిన మేనేజరు చక్రపాణి కాకినాడ వైపు మనిషి, నాగారంలో కొత్త కాలనీలో ఉంటాడు. యాత్ర అన్న మాట ఎవరి ద్వారానో విని, అడక్కుండానే సెలవు రాసిచ్చాడు. మర్నాడు వాళ్ళమ్మ కామేశ్వరమ్మగారు మూత ఉన్న రాగి చెంబు పంపించారు. "ఏ దేవుడి నీళ్ళైనా నీళ్ళేనటండీ, కాస్త మాకూ పట్టుకురమ్మంది మా అమ్మ," అన్నాడు చక్రపాణి. సెలవు చీటీ ఒక చేతిలో, చెంబు ఒక చేతిలో పట్టుకుని జోయెల్ ఇల్లు చేరాడు. సీసాల పక్కన చెంబు చేరింది.

"ఇగ చెప్తవా, లేకుంటే టికెట్లే యెరూషలేముకు మారుస్తవా?" అని అడిగింది ఏసమ్మ.

జక్కయ్య నిజంగానే ఆ ఆలోచన చేశాడు. మధ్యాహ్నం పెరట్లో మెట్టు మీద కూర్చుని, యెరూషలేము వెళ్ళాలని కోరుకోవడానికి ప్రయత్నించాడు. తనలాంటివాడు కోరుకోవలసింది అదే. కళ్ళు మూసుకుని ఆ పాత గోడలను తలుచుకున్నాడు. ఒలీవ చెట్ల కొండను తలుచుకున్నాడు. కాసేపు బాగానే ఉంది. అంతలో ఆ కొండ మీది నుంచి చేతులు పైకెత్తిన మనుషులతో బండి ఒకటి దూసుకుంటూ దిగింది. ముందు వరసలో ఒక చోటు ఖాళీగా ఉంది. జక్కయ్య కళ్ళు తెరిచి, చాలాసేపు పెరట్లోని జామచెట్టును చూస్తూ కూర్చున్నాడు. ఆ ఖాళీ చోటు మీద ఉన్నంత ఆశ జీవితంలో దేని మీదా కలగలేదు, పెళ్ళి మీద కూడా. ఆ సంగతి ఏసమ్మకు చెప్పలేదు.

శుక్రవారం గుండె చిక్కబట్టుకుని పాస్టరుగారి ఇంటికి వెళ్ళాడు. హాల్లో నేల మీద ఒక ఫ్లెక్సీ పరిచి ఉంది. పాస్‌పోర్టు ఫొటోలోని తన ముఖం గుమ్మమంత పెద్దదై తననే నిలదీస్తున్నట్టు చూస్తోంది. వెనక యెరూషలేము గోడలు, కింద 'యాత్రికులు జక్కయ్య గారికి వీడ్కోలు కూడిక' అని అక్షరాలు. షామీర్‌పేట సంఘం వాళ్ళు కూడా రెండు ట్రాక్టర్లలో వస్తున్నారని పాస్టరుగారు చెప్పారు. తర్వాత గొంతు తగ్గించారు.

"చిన్నప్పటి నుంచి ఎక్కడికైనా ఒక్కసారి దూరం వెళ్ళాలని నాకూ ఉండేది, జక్కయ్యగారూ. బొల్లారం దాటానంటే అది సంఘం పని మీదే. మీరు వెళ్తే నేను వెళ్ళినట్టే."

ఆ మాట విన్న జక్కయ్య ఫ్లెక్సీ ఒక అంచు పట్టుకుని మడత పెట్టడానికి సాయం చేసి వచ్చేశాడు.

శనివారం నాలుగింటికి షామియానా నిండిపోయింది. పూలదండ వేశారు. శాలువా కప్పారు. అంజయ్య మాట్లాడుతూ, అన్న యెరూషలేము పోతున్న సంగతి లోకంలో మొట్టమొదట తెలిసింది తనకేనన్నాడు. ఆఖరున చీటీల గలీబును జక్కయ్య చేతుల్లో పెట్టి, అందరి తరఫున రెండు మాటలు చెప్పమన్నారు. గలీబు బరువేమీ లేదు. కానీ అది చేతుల్లోకి రాగానే, లెక్కలు కావాలన్న పదో తరగతి పిల్ల మూడో వరసలో కూర్చుని తనవైపే చూస్తున్నట్టు ఆయనకు కనబడింది. ఆ పిల్ల కళ్ళలోకి చూస్తూ అబద్ధం మోయడం ఆయన వల్ల కాలేదు.

"నేను యెరూషలేము పోతలేను," అన్నాడు జక్కయ్య మైకులో. "ఎన్నడు పోతనని చెప్పలే. గట్లని కాదని గూడ చెప్పలే, గది నా తప్పు. హాంకాంగ్ పోతున్న. ఆడ ఒక పార్కు ఉంటది. పార్కుల ఒక రైలు ఉంటది, మీదికి పోయి కిందికి పడ్తది. గది ఎక్కనీకి పోతున్న. దానిమీద కూసొని గట్టిగ ఒర్లాల్నని పదేండ్ల సంది నాకు ఆశ."

జక్కయ్య శాలువా తీసి మడిచి బల్ల మీద పెట్టాడు. దండ తీస్తుంటే గుండీకి చిక్కుకుంది. దాన్ని విడదీయలేక అలాగే నిలబడ్డాడు. ముందు వరసలో మార్తమ్మ అవ్వ కర్ర ఆనించుకుని లేచింది.

"ఆడ నీళ్ళుంటయా బిడ్డా?"

"సముద్రం ఉంటదవ్వా."

"అయితే ఆ నీళ్ళే తే. అన్ని నీళ్ళు ఆయన చేసినయే గదా." కూర్చోబోయి మళ్ళీ ఆగింది. "ఆ రైలు ముసలోళ్ళను ఎక్కనిస్తరా?"

ఆ మాటతో మిగతావాళ్ళకూ ధైర్యం వచ్చి వయసు ఎంత దాకా అని ఒకరు, అరవడం తప్పనిసరా అని ఒకరు అడిగారు. ఔటర్ రింగు రోడ్డు మాట వచ్చాక పొలం ముక్క అమ్ముకుని, ఏం చేయాలో తోచక ఉన్న ఇద్దరు ముగ్గురు జోయెల్‌ను పక్కకు పిలిచి వివరాలు కనుక్కోవడం మొదలుపెట్టారు. అందులో అంజయ్య ఒకడు. పాస్టరుగారు లేచారు. కోప్పడతారని అందరూ అనుకున్నారు. సముద్రతీరాన చేసిన ప్రార్థనకు లేఖనాల్లో ఎన్నో ఉదాహరణలున్నాయని, ఈ చీటీలు అక్కడ చదవడంలో దోషం లేదని ఆయన నెమ్మదిగా చెప్పారు. చదవడానికి కాపరి ఉండాలి కదా అని షామీర్‌పేట పెద్దలు అన్నారు. పాస్టరుగారు రెండుసార్లు వద్దన్నారు. మూడోసారి అడగకముందే ఒప్పుకున్నారు.

అలా ముగ్గురు వెళ్ళాల్సిన ప్రయాణం తొమ్మిది మందిదైంది. కొత్తగా చేరిన ఆరుగురి పాస్‌పోర్టుల కోసం జనవరికి వాయిదా పడింది. అందరూ తనను దీవిస్తుంటే జక్కయ్య చిరునవ్వుతో తల ఊపాడు. ఇంటికి వచ్చాక కరపత్రం తీసి, ఆ నెరిసిన జుట్టు మనిషిని మరోసారి చూశాడు. అతని చుట్టూ ఉన్నవాళ్ళెవరూ అతనికి తెలిసినవాళ్ళలా లేరు. అదే అతని అదృష్టం అనుకున్నాడు జక్కయ్య. అక్కడికి పోయినా తను సంఘపెద్దే. నోరు మూసుకుని ఎక్కి, నోరు మూసుకుని దిగాలి. ఆ మాత్రమైనా దక్కింది కదా అని సరిపెట్టుకున్నాడు.

జనవరి రెండో వారంలో, సముద్రపు ఒడ్డున చీటీలన్నీ చదివి, సీసాలూ చెంబూ నింపుకున్నాక, తొమ్మిది మందీ కొండ మీది పార్కులో ఆ బండి ఎక్కారు. ముందు వరసలో జక్కయ్య, పక్కన పాస్టరుగారు. వెనక ఏసమ్మ, జోయెల్. ఆ వెనక అంజయ్య. బండి గొలుసు మీద టకటకమంటూ పైకి పాకుతుంటే పాస్టరుగారు పెదవులు కదుపుతున్నారు. జక్కయ్య పళ్ళు బిగించాడు. పై కొసకు చేరాక ఒక్క క్షణం అంతా ఆగింది. కింద సముద్రం, ఓడలు, నీలం.

తర్వాత నేల లేదు.

మొదట అరిచింది పాస్టరుగారు. అంజయ్య చచ్చిపోయిన వాళ్ళమ్మను పిలిచాడు. ఏసమ్మ ఎవరినో తిట్టింది. ముప్పై మూడేళ్ళలో ఆ తిట్లు ఆమె నోట వినలేదు జక్కయ్య. తన నోరు ఎప్పుడు తెరుచుకుందో ఆయనకు తెలియలేదు. రెండు చేతులూ పైకి లేచాయి. గొంతులోంచి ఏదో బయటికొస్తూనే ఉంది, ఆగడం లేదు, చెవుల్లో గాలి హోరు. తెలిసినవాళ్ళ మధ్యనే, ఒక్కరికీ వినబడకుండా, జక్కయ్య తనివితీరా అరిచాడు. పక్కనున్న పాస్టరుగారు ఆయన కేకలో ఆయన ఉన్నారు.

దిగాక ఎవరూ ఎవరి ముఖాలూ చూసుకోలేదు. చొక్కాలు సర్దుకున్నారు, జుట్టు దువ్వుకున్నారు. జక్కయ్య గొంతు బొంగురుపోయింది.

"ఇంకోపాలి ఎక్కుదమా?" అన్నాడు.

పాస్టరుగారే ముందు వెళ్ళి వరసలో నిలబడ్డారు.

తిరిగొచ్చిన ఆదివారం పాస్టరుగారు ప్రయాణం గురించి సాక్ష్యమిస్తూ, ఆ కొండ మీద సంఘమంతా ఏకస్వరంతో దేవునికి మొరపెట్టిందని, అదీ నాలుగు సార్లని చెప్పారు.