ఏడో నంబరు బనీను

"దేశమైనా, సమితైనా ముందుకు పోవాలంటే కూర్చున్నవాళ్లే ముఖ్యం" అని కోరాడవలస పంచాయతీ సమితి ప్రెసిడెంటు నరసింగరావు గారు సర్వసభ్య సమావేశంలో ప్రకటించారు. సర్పంచులందరూ కూర్చునే ఉన్నారు కాబట్టి చప్పట్లు బ్రహ్మాండంగా పడ్డాయి.

వెనక వరసలో ఉన్న డ్రిల్లు మాస్టారు జగన్నాధం ఉలిక్కిపడ్డాడు. ఆ మాట మొదట అన్నది తనే. కాకపోతే తను అన్నది బాస్కెట్‌బాల్ గురించి.

క్రితం ఏడు షీల్డు ఆటలో సమితి జట్టు నెల్లిమర్ల మిల్లు జట్టు చేతిలో ఓడింది. మొదటి సగంలో మనవాళ్లదే పైచేయి. రెండో సగానికి మన ఐదుగురూ ఎంత అలిసిపోయారంటే, బంతి పక్కనుంచి పోతుంటే మర్యాదగా తప్పుకుని దారిచ్చారు. మిల్లువాళ్లు మాత్రం జూట్ మిల్లులో ఎలా పనిచేస్తారో కోర్టులోనూ అలాగే ఆడారు. ఎ-షిఫ్టు దిగితే బి-షిఫ్టు ఎక్కింది. పదిమందీ మొనగాళ్లేం కాదు. అయినా ఆఖరి నిమిషంలో కూడా వాళ్ల కాళ్లలో పరుగు మిగిలింది.

ఈ సంగతి చెప్పుకుందామనే, సమావేశానికి ముందు ఒకరోజు మాస్టారు ప్రెసిడెంటు గారింటికి వెళ్లాడు.

"ఎంత గొప్ప ఆటగాళ్లయినా ఐదుగురే నలభై నిమిషాలూ పరిగెత్తలేరండి. బల్లమీద ఇంకో ఐదుగురు ఉండాలి. వాళ్లు ఊరికే కూర్చున్నట్టు కాదండి. వాళ్లున్నారు కాబట్టే వీళ్లు ఆడగలరు."

ప్రెసిడెంటు గారు తాగుతున్న కొబ్బరినీళ్లు కింద పెట్టారు. "అంటే మేస్టారూ, బల్లమీద కూకున్నోడు కూడా జట్టులో ఉన్నట్టేనా?"

"ఉన్నట్టేనండి."

"ఆడికి కోపం రాదా?"

"వంతు వస్తుందని తెలిస్తే రాదండి."

ప్రెసిడెంటు గారు కళ్లు మూసుకున్నారు. అప్పటికే ఆయన మీద అవిశ్వాస తీర్మానం నోటీసు పడింది. మిల్లు జట్టుతో ఈ ఏటి షీల్డు ఆట ఆదివారం, ఓటింగు సోమవారం. ఒక సర్పంచికి బావి కాంట్రాక్టు ఇస్తే ఇంకొకడికి కోపం, వాణ్ణి బుజ్జగిస్తే మూడోవాడికి మంట. ఇన్నాళ్లకు దారి దొరికింది.

"ఇన్నాళ్లూ ఎక్కడున్నారు మేస్టారూ మీరు!" అన్నారాయన గద్గదంగా.

మాస్టారు పన్నెండేళ్లుగా ఆ వీధి చివరే ఉంటున్నాడు.

అలా సమావేశంలో తీర్మానం అయింది. ప్రతి సర్పంచీ తన మనుషుల్ని జట్టుకు పంపవచ్చు. మాస్టారు అడిగినవాళ్లు ఐదుగురు. వచ్చినవాళ్లకు బల్లలు చాలక బడిలో బల్లలన్నీ మైదానంలోకి మోయించారు. పిల్లలు నేలమీద కూర్చుని చదువుకున్నారు. నేల చల్లగా ఉంటుంది కదా అని మాస్టారు మనసు సరిపెట్టుకున్నాడు.

అవిశ్వాసం పెట్టిన జట్టుకు నాయకుడు సర్పంచి అప్పలసూరి. ఆయన తన బావమరిదిని స్వయంగా వెంటబెట్టుకొచ్చాడు.

"మా బామ్మర్దికి కీళ్లనొప్పులు. ఆడగలడా మేస్టారూ?"

"ఆడలేడండి."

"అయితే ముందు ఆణ్ణే దింపండి. ఆలీసం అయితే నిద్దరొచ్చేస్తాది ఆడికి."

ఈ సందట్లో నిజంగా ఆడగలిగినవాణ్ణి ఒక్కణ్ణి మాత్రం మాస్టారే వెతికి తెచ్చుకున్నాడు. శ్రీకూర్మం దిగువన సముద్రం ఒడ్డున ఉండే కూర్మయ్య, ఆయన పాత శిష్యుడు. వల విసిరిన చెయ్యి కావడంతో బంతి ఎక్కడ పడమంటే అక్కడ పడేది. మోకాలు బాగాలేదు కాబట్టి ఆటంతా ఆడలేడు. ఆఖర్లో కాసేపు దింపితే చాలు. అతనికోసమే ఏడో నంబరు బనీను పక్కన పెట్టాడు మాస్టారు. షీల్డు వస్తే, కూర్మయ్య ఆటలో దిగితే, సమితి ఆఫీసులో బంట్రోతు ఉద్యోగం అని ప్రెసిడెంటు గారు నలుగురిలో మాటిచ్చారు.

ఆ మాట నమ్మి కూర్మయ్య పడవలో తన చోటు బావమరిదికి వదిలేసి, పెళ్లాంతో సహా మాస్టారి వరండాలోకి దిగాడు.

"మేస్టారు బాబూ, మా తమ్ముడు పడవెక్కీసినాడు. ఇంక ఆడు దిగడు" అంది కూర్మయ్య భార్య అసిరమ్మ. "ఈ ఉజ్జోగం వొస్తాదా, నేదా? ఉన్నమాట సెప్పండి."

"వస్తుందమ్మా" అన్నాడు మాస్టారు. తన భార్య పోయాక ఆ ఇంట్లో మధ్యాహ్నం పూట పొయ్యి వెలగడం మానేసింది. ఇప్పుడు వరండాలోంచి పులుసు వాసన వస్తుంటే, ఆట సంగతి ఎలా ఉన్నా ఇదొకటి దక్కిందనుకున్నాడు.

ఆదివారం వచ్చింది. జట్టుకు పన్నెండు మందే ఉండాలని రిఫరీ తవిటయ్య మాస్టారు సణిగాడు. ఆయన సమితి బడిలోనే పనిచేస్తాడు. ఆయన బదిలీ కాగితం ప్రెసిడెంటు గారి సొరుగులోనే ఉంటుంది.

"పన్నెండు బనీన్లే కుట్టించాం కదా మేస్టారూ!" అన్నారు ప్రెసిడెంటు గారు. "మీరు నంబర్లు సూడండి. మనుషుల్ని సూడకండి. మనుషుల్ని సూస్తే పక్షపాతం వొస్తాది."

రూలు పుస్తకానికి ఇంత నిష్పాక్షికమైన వ్యాఖ్యానం జగన్నాధం మాస్టారు అంతకుముందు వినలేదు.

ఆట మొదలైంది. అసలు ఆటగాళ్లు ఐదుగురూ చకచకా బంతులు వేశారు. అంతలో ప్రెసిడెంటు గారు చెయ్యెత్తారు. మార్పు! కోర్టులోకి వచ్చేవాడికి బంతిపూల దండ, బయటికి పోయేవాడికి గోలీ సోడా. ప్రతి దండా వాణ్ణి పంపిన సర్పంచి చేతులమీదుగానే పడాలి, ఒకరి దండ ఇంకొకరిదానికన్నా పొట్టిగా ఉండకూడదు. బయటికి పోయేవాడు విప్పిన బనీను లోపలికి వచ్చేవాడు పిండుకుని తొడుక్కోవాలి. ఇదంతా అయ్యేదాకా గడియారం ఆగుతుంది. నిమిషం ఆట, పావుగంట సన్మానం.

ఈ సన్మానాల్లో మిల్లు జట్టు గోడ నీడన చేరి తీరిగ్గా బీడీలు కాల్చుకుంది. వాళ్ల బి-షిఫ్టు లేవాల్సిన అవసరమే రాలేదు. ఎ-షిఫ్టుకు చెమటైనా పట్టలేదు.

"మీ దయవల్ల పెళ్లికొచ్చినట్టుంది బాబూ" అన్నాడు మిల్లు జట్టు కెప్టెను, ప్రెసిడెంటు గారికి దండం పెట్టి.

చేపల గంప పక్కన పెట్టుకుని చూస్తున్న అసిరమ్మ బుగ్గన చెయ్యి పెట్టుకుంది. "అడుగునేని బుట్టలో ఎన్నేస్తే ఏటి నాభం? ఏటయ్యా, నువ్వెప్పుడు దిగుతావు?"

"నా ముందు వైసు ప్రెసిడెంటు గారి మేనల్లుడున్నాడే" అన్నాడు కూర్మయ్య బల్లమీంచి.

"మేస్టారు బాబూ, బల్లమీద కూకోబెట్టడానికేనా ఈణ్ణి సముద్రంలోంచి లాక్కొచ్చేరు?"

మాస్టారు ప్రెసిడెంటు గారి దగ్గరికి మూడుసార్లు వెళ్లాడు. మూడుసార్లూ ఆయన ఎవరికో దండ వేయిస్తున్నారు. మిగతా పదకొండు బనీన్లూ చాలక, కూర్మయ్యకోసం దాచిన ఏడో నంబరు కూడా తీయించి తిప్పేశారు.

మొదట అది అప్పలసూరి బావమరిదికి దక్కింది. కోర్టులో అడుగుపెట్టగానే ఆయన మిల్లు ఆటగాణ్ణి గట్టిగా కావలించుకున్నాడు. "బావా! పెళ్లినాడు సూసేను నిన్ను! అప్పని తీసుకురానేదేటి?" రిఫరీ ఈల వేశాడు. పట్టుకోవడం, ఏడో నంబరు మీద ఒక ఫౌలు. తర్వాత ఆ బనీను తొడుక్కున్నవాడు బంతి ఇవ్వనందుకు అవతలివాడి నడుం పట్టుకు లాగాడు. వాడి తర్వాతవాడు దండతో సహా మీదపడ్డాడు. నాలుగోవాడు కాలు అడ్డంపెట్టాడు. వైసు ప్రెసిడెంటు గారి మేనల్లుడు జుట్టు పట్టుకున్నాడు.

ఇంత జరిగినా, విశ్రాంతి ఎక్కువై మిల్లువాళ్లు కాస్త బద్ధకించడం వల్ల తేడా రెండు బుట్టలే ఉంది. ఇంకా మూడు నిమిషాల ఆట ఉంది. ఇంకా ఆడకుండా బల్లమీద మిగిలినవాడు కూర్మయ్య ఒక్కడే. మూడు నిమిషాలు చాలు ఆ చేతికి.

కూర్మయ్య లేచాడు. చెమటకీ, పూల పసుపుకీ తడిసి ముద్దయిన ఏడో నంబరు బనీను తల మీంచి లాక్కున్నాడు. గీత దాటబోయాడు. రిఫరీ చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఏడో నంబరుకి అయిదు ఫౌళ్లయిపోయాయి. అయిదైతే ఆ నంబరు బయటికి."

"ఇతను ఇప్పుడే కదయ్యా లేచాడు!" అన్నాడు జగన్నాధం మాస్టారు. "బంతైనా ముట్టుకోలేదు!"

"నేను మనిషిని చూడకూడదు మాస్టారూ" అన్నాడు తవిటయ్య మాస్టారు, సొరుగు గుర్తొచ్చిన గొంతుతో.

కూర్మయ్య బనీను విప్పి, నాలుగు మడతలు పెట్టి, బల్లమీద ఉంచాడు. ఆట అయిపోయింది. మిల్లు జట్టు షీల్డు పట్టుకుని సాయంత్రం షిఫ్టు అందుకోవడానికి వెళ్లిపోయింది.

"వాళ్లలో ఆడినవాళ్లు ఐదుగురు" అని ప్రెసిడెంటు గారు మైకులో గర్జించారు. "మనలో ఆడింది యావత్తు సమితి! ఇప్పుడు సెప్పండి, గెలిచిందెవరు?" చప్పట్లు ఊరు దాటాయి.

మాస్టారు చేతులు నలుపుకుంటూ వెళ్లి ఉద్యోగం మాటెత్తాడు.

"షీల్డు సంగతి వొగ్గీయండి, మనమే గెలిచేం" అన్నారు ప్రెసిడెంటు గారు దయగా. "కాని కుర్రోడు ఆటలో దిగనేదు కదా మేస్టారూ? రూలు రూలే."

సోమవారం ఓటింగు. కిటికీ బయట నిలబడి మాస్టారు చూశాడు. అప్పలసూరి లేచాడు.

"ప్రెసిడెంటు గారు ఐదేళ్లనుంచి ఒక్కరే ఆడతన్నారు. ఎంత అలిసిపోయుంటారో మనం ఆలోసించాల. మనందరం బల్లమీద కూకుని బాగా రెస్టు తీసుకున్నాం."

చేతులన్నీ లేచాయి. అప్పలసూరి మెడలో దండ పడింది. ఇకనుంచి ప్రెసిడెంటుగిరీ నెలకొకరు అని తీర్మానమైంది. ఆ తర్వాత అప్పలసూరి స్వయంగా గోలీ సోడా కొట్టి, పొంగు పోనిచ్చి, నరసింగరావు గారి చేతికిచ్చాడు.

మర్నాడు సాయంత్రం మాస్టారు మైదానానికి వెళ్లాడు. బల్లలు అలాగే ఉన్నాయి. ఆ చివర కూర్మయ్య కూర్చున్నాడు. ఉద్యోగం సంగతి రెండో నెల ప్రెసిడెంటు చూస్తాడని అప్పలసూరి చెప్పాడట, రెండో నెల ప్రెసిడెంటు మూడో నెలాయన్ని అడగమన్నాడట. పక్కనే అసిరమ్మ ఖాళీ గంప బోర్లించుకుని కూర్చుంది. ఆకులో కట్టిన రెండు వేపుడు చేప ముక్కలు మాస్టారి చేతిలో పెట్టింది.

అంతలో నరసింగరావు గారు వచ్చారు. కారు లేదు, వెనక మనుషులు లేరు. బల్లల వరసంతా ఒకసారి కలయజూశారు. ఖాళీ బల్లలు వదిలేసి, వాళ్లున్న బల్ల దగ్గరికే వచ్చి నిలబడ్డారు.

"మేస్టారూ" అన్నారు చిన్న గొంతుతో, "నా ఒంతు మళ్లీ ఎప్పుడొస్తాదంటారు?"

కూర్మయ్య మడతపెట్టిన బనీను తీసి ఒళ్లో పెట్టుకుని, కాస్త జరిగి చోటిచ్చాడు.

"ఇలా కూకోండి బాబూ" అన్నాడు. "ఇక్కడైతే ఎండ తగలదు."